బాప్తిస్మం తీసుకుని నాలుగేళ్లయినా కోపం, అబద్ధాలు పోలేదు. ఆత్మీయంగా ఎదగాలంటే ఏం చెయ్యాలి?

వందనాలు బ్రదర్. ఖమ్మం నుంచి వచ్చి మాదాపూర్ హాస్టల్లో ఉంటూ ఉద్యోగం చేస్తున్నానన్నారు. ప్రతి ఆదివారం వేలమంది వచ్చే పెద్ద చర్చిలో ఆరాధనకు వెళ్తున్నారు. పొద్దున్నే ఫోన్లో వాక్యం వింటున్నారు. అయినా రాత్రి అమ్మతో మాట్లాడితే అరుపులే, ఆఫీసులో చిన్న చిన్న అబద్ధాలు ఆగడం లేదు, 21 రోజులు ఉపవాసం ఉండమని ఒకరు చెప్పారు, ఉంటే పోతాయా అని అడిగారు. ఉపవాసం సంగతి చివర్లో చెప్తాను.

నేను పాస్టర్ని కాదు. రాణిగంజ్‌లో ఒక హార్డ్‌వేర్ షాపులో లెక్కలు రాస్తాను. సికింద్రాబాద్ వైపు మా సంఘంలో బుధవారం గృహకూడిక చూసుకుంటాను. చాలా ఏళ్లుగా అక్కడ చూసినదాన్ని బట్టే రాస్తున్నాను.

మీరు అమ్మ మీద అరుస్తారని మీ చర్చిలో ఎవరికైనా తెలుసా? మీ ప్రశ్నంతా చదివాక నాకు ముందు ఇదే అడగాలనిపించింది. బహుశా ఎవరికీ తెలియదు. హైదరాబాద్‌లో ఇదొక సౌకర్యం. పొద్దున ఒక చోట ఇంగ్లీషు ఆరాధన, మధ్యాహ్నం ఇంకో చోట తెలుగు ఆరాధన, సాయంత్రం ఎక్కడో స్వస్థత కూటమి, మధ్యలో యూట్యూబ్. ఎక్కడా మన పేరు తెలిసినవాడు ఉండడు. పాట బాగుంటే కళ్లల్లో నీళ్లొస్తాయి, ఆ నీళ్లనే ఎదుగుదల అనుకుంటాం. గుణం మారాలంటే మాత్రం మన గుణం తెలిసిన మనుషుల మధ్య ఉండాలి. పెద్ద చర్చిలో తప్పేమీ లేదు, వాక్యం అక్కడే వినండి. దానితోపాటు పది పన్నెండు మంది కూర్చునే ఒక గదిలో కూడా మీకు చోటుండాలి.

ఇది నేను కనిపెట్టిన మాటేం కాదు. మన సికింద్రాబాద్, మెదక్ వైపు పాత సంఘాలు చాలావరకు వెస్లియన్ మెథడిస్ట్ మిషనరీల వల్ల వచ్చినవి. 1947లో సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) ఏర్పడినప్పుడు అందులో కలిశాయి. ఆ మెథడిస్టుల మొదటి రోజుల్లో ఒక సంగతి జరిగింది. 1742లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో వాళ్ల మందిరం మీద అప్పుంది. అది తీర్చడానికి మనిషికి వారానికో పెన్నీ ఇవ్వాలని, దాదాపు 12 మందికి ఒకరు చొప్పున వసూలు చెయ్యాలని పెట్టుకున్నారు. వసూలుకు తిరిగినవాళ్లు తిరిగొచ్చి, మెథడిస్టుల నాయకుడు జాన్ వెస్లీతో, ఫలానావాళ్లు ఉండవలసినట్టు బతకడం లేదని చెప్పారు. ఆయనకు అప్పుడు వెలిగింది. డబ్బు వసూలు చేసే ఆ 12 మంది గుంపునే ఒకరి బాగోగులు ఒకరు అడిగే గుంపుగా మార్చాడు. వారం వారం కూడి, నీ ఆత్మ ఎలా ఉంది అని ఒక్కొక్కరినీ అడిగేవాళ్లు. చందాల పుస్తకం లోంచి పుట్టిన పద్ధతి ఇది! లెక్కలు రాసేవాణ్ణి కదా, నాకు భలే నచ్చుతుంది.

మా బుధవారం కూడికలో అడిగే పని ఒక పెద్దమ్మది. నర్సుగా రిటైరయ్యారు. ప్రార్థన అయ్యాక చాయ్ తాగుతూ, "పోయిన వారం చెప్పిన సంగతి ఏమైంది నాయనా?" అంటారు. అంతే. ప్రసంగం ఉండదు. కానీ ఆమె అడుగుతారని తెలుసు కాబట్టి మంగళవారం రాత్రికైనా ఆ పని చేసుకుంటాం.

మా కూడికలో ఒక ఆటో డ్రైవరన్న ఉండేవాడు. ఊళ్లో ఇంటి జాగా దగ్గర తమ్ముడితో గొడవై, ఏళ్ల తరబడి మాటల్లేవు. ప్రభువు బల్లకు, అంటే రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆరాధనకు మాత్రం నెలనెలా వచ్చేవాడు. పెద్దమ్మ ఒకరోజు మత్తయి 5వ అధ్యాయం తీయించి, బలిపీఠం దగ్గర అర్పణ వదిలిపెట్టి ముందు సహోదరుడితో సమాధానపడమన్న మాట అతనితోనే చదివించారు. అతనికి కోపమొచ్చి రెండు వారాలు రాలేదు. తర్వాత ఊరికి పోయాడు. తమ్ముడు కుర్చీ వేశాడు, చాయ్ ఇచ్చాడు, జాగా మాట ఎత్తనివ్వలేదు. వట్టి చేతులతో తిరిగొచ్చాడు. ఆ జాగా పంచాయితీ ఇంకా తెగలేదు. కానీ ఇద్దరూ ఆదివారం ఆదివారం ఫోన్లో మాట్లాడుకుంటున్నారు, తమ్ముడి కూతురి పెళ్లికి ఇతనే దగ్గరుండి వంటవాళ్లను మాట్లాడాడు. సాక్ష్యం చెప్పే సభల్లో ఇలాంటివి చెప్పరు, ముగింపు సరిగ్గా లేదని. నాకైతే ఆత్మఫలం, అంటే పరిశుద్ధాత్మ మనలో పుట్టించే ప్రేమ, సమాధానం లాంటి గుణాలు అనగానే ఇదే గుర్తొస్తుంది.

ఆ గదిలోనే నా సంగతి కూడా తేలింది. మా సేఠ్ మంచివాడే, కాకపోతే జీఎస్టీ తప్పించుకోవడానికి కొందరు గిరాకీలకు కచ్చా బిల్లు రాయమనేవాడు. ఏం చెయ్యాలని కూడికలో అడిగాను. ఉద్యోగం మానెయ్యమని ఎవరూ అనలేదు. నలుగురి ముందు కాకుండా షట్టర్ దించే వేళ ఒంటరిగా చెప్పమన్నారు. చెప్పాను: "సేఠ్, ఏ పనైనా చెప్పండి, ఇది మాత్రం నా చేత్తో రాయలేను." ఆయన మొహం మాడ్చుకుని ఆ పని వేరే కుర్రాడికిచ్చాడు. ఆ ఏడాది నాకు జీతం పెరగలేదు. దానికీ దీనికీ సంబంధం ఉందని నిరూపించలేను లెండి. షాపులో కచ్చా బిల్లులు ఆగలేదు, నా చేతిరాతలో మాత్రం లేవు. ఒక్కడినే అయ్యుంటే ఆ మాట నా నోట్లోంచి వచ్చేది కాదు.

ఇక మీ అబద్ధాల సంగతి. ఎఫెసీ 4లో పౌలు నవీన స్వభావాన్ని ధరించుకోమని చెప్పి అక్కడితో ఆపలేదు. వెంటనే అబద్ధం, కోపం, దొంగతనం అని ఒక్కొక్కటీ పేరు పెట్టి చెప్పాడు. ప్రతిదానికీ బదులు చెయ్యాల్సిన పని కూడా చెప్పాడు. అబద్ధమాడేవాడు పొరుగువాడితో నిజం చెప్పాలి. కోపం వస్తే సూర్యుడు అస్తమించేలోపు తేల్చుకోవాలి. దొంగిలించేవాడు మానేస్తే చాలదు, కష్టపడి సంపాదించి అక్కరలో ఉన్నవాడికి ఇవ్వాలి. మీరు కూడా "ప్రభువా, నన్ను మంచివాణ్ణి చెయ్యి" అనే పెద్ద ప్రార్థన కాస్త పక్కన పెట్టి, ఒక్క అబద్ధాన్ని పట్టుకోండి. హాస్టల్ మంచం మీద ఉండి "సైబర్ టవర్స్ దగ్గర ట్రాఫిక్‌లో ఉన్నా సర్" అంటాం చూడండి, దాన్ని. నోరు జారితే ఆ పూటే వెళ్లి, "సర్, ఇందాక ట్రాఫిక్ అన్నాను, నిజానికి లేటుగా లేచాను" అని చెప్పండి. సిగ్గుగానే ఉంటుంది. ఒకటి రెండుసార్లు ఆ సిగ్గు పడితే మూడోసారి నాలుక దానంతటదే ఆగుతుంది. పన్నులు వసూలు చేసే జక్కయ్య కూడా ప్రభువు ఇంటికొచ్చాడని సంతోషించి ఊరుకోలేదు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నాడు.

అమ్మ విషయంలో మిమ్మల్ని ఒకటి అడగాలి. ఫోన్ ఎన్నింటికి చేస్తున్నారు? షిఫ్టయ్యి, క్యాబ్ దిగి, ఆకలితో పదకొండింటికి చేస్తుంటే అది కోపమే కాదు, సగం కడుపు మంట. ఆ వేళకు హాస్టల్ మెస్‌లో మిగిలేది చల్లారిన సాంబారే కదా. ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద పడుకుని నా ప్రాణం తీసెయ్యి అని ప్రార్థించినప్పుడు దేవదూత అతనికి వాక్యం చెప్పలేదు. లేపి, నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు పెట్టాడు. అతను తిని మళ్లీ పడుకున్నాడు, మళ్లీ లేపి పెట్టాడు. దేవుడు మాట్లాడింది ఆ తర్వాత. కాబట్టి తిన్నాక ఫోన్ చెయ్యండి. వీలైతే పొద్దున క్యాబ్‌లో చెయ్యండి. పెళ్లి సంబంధాల మాటెత్తగానే అరుపులు మొదలవుతాయంటే, ఆ ఒక్క మాట ఊరెళ్లినప్పుడు ఎదురుగా కూర్చుని మాట్లాడుకుందామని ముందే చెప్పండి. ఇదంతా ఆత్మీయతేనా అంటారేమో. ఆశానిగ్రహం కూడా ఆత్మఫలంలోదే. మీ కోపం ఎప్పుడు కట్టలు తెంచుకుంటుందో తెలుసుకోకుండా దాన్ని అదుపులో పెట్టుకోవడం కుదరదు.

కూడిక గురించి ఒక జాగ్రత్త చెప్పాలి. మన సంఘాల్లో ప్రార్థన మనవి అనే పేరుతో చాడీలు బాగా నడుస్తాయి. "ఫలానా బ్రదర్ కోసం ప్రార్థించండి, పాపం తల్లి మీద అరుస్తాడంట" అని వాట్సప్ గ్రూపులో పడిందంటే మీరు ఇక జన్మలో నోరు విప్పరు. అందుకే అందరి ముందూ అన్నీ చెప్పకండి. ముందు కొన్ని వారాలు ఊరికే కూర్చుని చూడండి. లేనివాళ్ల గురించి ఎవరు మాట్లాడుతున్నారో గమనించండి. వాళ్లకు మీ సంగతి చెప్పొద్దు. మీకంటే పదేళ్లు పెద్దవాడు, పెళ్లయి పిల్లలున్నవాడు, భార్య ఎదురుగా ఉన్నప్పుడు కూడా అదే మనిషిలా మాట్లాడేవాడు దొరికితే అతనితో చెప్పండి. మీ చర్చిలో కొండాపూర్, మాదాపూర్ ఏరియా కూడికలు ఉన్నాయేమో ఆఫీసులో అడగండి. నా మాట వినకపోతే శాపం తగులుతుందని బెదిరించే నాయకుడైతే ఆ గడప తొక్కొద్దు.

ఇంకొకటి, మైకు దగ్గర పని కాకుండా వడ్డించే పని అడగండి. గోల్కొండ చౌరస్తా దగ్గర హెబ్రోను అనే సంఘంలో, దాన్ని మొదలుపెట్టిన సువార్తికుడు భక్తసింగ్ గారి కాలం నుంచీ ఆరాధన తర్వాత ప్రేమవిందు ఉంటుంది. అందరూ బారుగా కింద కూర్చుని కలిసి తింటారు. పంక్తిలో రెండోసారి కూర వెయ్యలేదని ఒకాయన కసురుకున్నప్పుడు మన సాత్వికం ఎంతో అక్కడ తెలుస్తుంది. ప్రసంగం చెప్పేటప్పుడు తెలియదు.

నాలుగేళ్లలో ఏమీ మారలేదని మీరు కుంగిపోతున్నారు. ప్రభువు శిష్యుడు యోహాను సంగతి చూడండి. సమరయుల ఊరు ప్రభువును చేర్చుకోలేదని ఆకాశం నుంచి అగ్ని రప్పిద్దామా అన్నవాడు, అతనూ అన్న యాకోబూ. ప్రేమ గురించి ఆయన పత్రిక రాసింది ముసలితనంలో అంటారు. సువార్త ప్రయాణం మధ్యలో మార్కు వదిలేసి వెళ్లాడని పౌలు మళ్లీ వెంట తీసుకెళ్లనన్నాడు, ఆ మాట మీద తోటి సేవకుడు బర్నబాతో తగువు పడి విడిపోయాడు కూడా. చివరి పత్రికలో మాత్రం మార్కును వెంటబెట్టుకుని రమ్మని, అతను పరిచర్యకు పనికొస్తాడని తిమోతికి రాశాడు. మధ్యలో ఎన్నేళ్లో! అందులో మారింది మార్కా, పౌలా అని మా కూడికలో ఒకసారి వాదన జరిగింది. ఇద్దరూ అని నా అభిప్రాయం.

వాక్యం గురించి ఎక్కువ చెప్పను, మీరు వింటూనే ఉన్నారు. వినడం కాస్త తగ్గించి, ఒక సువార్తను పుస్తకం తెరిచి నిదానంగా చదవండి. రెండో పేతురు మొదటి అధ్యాయంలో విశ్వాసానికి సద్గుణం, దానికి జ్ఞానం, ఆశానిగ్రహం, సహనం అంటూ ఒకదానికొకటి చేర్చుకొమ్మన్న మాటలున్నాయి, వాటిని కంఠతా పట్టండి.

ఇప్పుడు ఉపవాసం. ఉండొచ్చు, మంచిదే. కానీ యెషయా 58 చదివి మొదలుపెట్టండి. ఉపవాసం ఉంటూనే కలహపడుతున్నారని, పనివాళ్లచేత కఠినమైన పని చేయిస్తున్నారని దేవుడు అక్కడ కోప్పడ్డాడు. ఖాళీ కడుపుతో ఫోన్ చేస్తేనే అరుపులొస్తున్న మనిషికి 21 రోజులు ఒకేసారి నేను చెప్పను. వారానికి ఒక పూట, సెలవు రోజున పెట్టుకోండి. ఆ పూట భోజనం డబ్బులు హాస్టల్ వాచ్‌మన్ ఇంటికో, ఆకలితో ఉన్న ఇంకెవరికో ఇవ్వండి. షుగర్, గ్యాస్ట్రిక్ లాంటివి ఉంటే డాక్టర్ని అడగకుండా మొదలుపెట్టొద్దు. మీకు 21 రోజులు చెప్పిన బ్రదర్‌ను కూడా ఒక మాట అడగండి: ఆ రోజుల్లో వారం వారం మీకు ఫోన్ చేసి, అమ్మతో ఎలా మాట్లాడుతున్నావని అడుగుతాడా అని. అడుగుతానంటే మీ ఏరియా కూడికకు అతన్ని కూడా రమ్మనండి.