2026 లాంగ్‌హార్న్స్ జట్టు నిజంగా ఎంత బలమైనది? రోస్టర్ (ఆటగాళ్ల జాబితా) చూసి మనమే అంచనా వేసుకోవడం ఎలా?

ప్రశ్న క్లుప్తంగా: "డాలస్‌లో ఎంఎస్ చేస్తున్నాను. మా యూటీ డాలస్‌కి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టే లేదు, అందుకని రూమ్మేట్లతో కలిసి ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ జట్టు లాంగ్‌హార్న్స్ మ్యాచ్‌లు చూస్తున్నాం. 2025లో సీజన్ మొదలవకముందే నంబర్ వన్ అన్నారు, తీరా చూస్తే ప్లేఆఫ్‌కే వెళ్లలేదు. ఈసారి ప్రివ్యూల్లోనూ అందరూ గొప్పవాళ్లే. ఏది నమ్మాలి?"

క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపించేవాడు) పేరు ఆఖర్న చదవండి. ముందు అతనికి కాపలాగా నిలబడే ఐదుగురి (ఆఫెన్సివ్ లైన్) పేర్లు చదవండి. 2025లో టెక్సస్‌కి ఏమైందో ఆ ఐదు పేర్లలోనే ఉంది.

2024లో ఆ జట్టు 13 గెలిచి 3 ఓడింది. సెమీఫైనల్ దాకా వెళ్లి ఒహాయో స్టేట్ చేతిలో 28-14తో ఓడిపోయింది. తర్వాత జరిగిన ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్ట్‌లో (ప్రొఫెషనల్ జట్లు కాలేజీ ఆటగాళ్లని ఎంచుకునే కార్యక్రమం) ఆ ఒక్క యూనివర్సిటీ నుంచే 12 మంది ఎంపికయ్యారు. ఆఫెన్సివ్ లైన్‌లో అయితే ఐదుగురిలో నలుగురు ఒకేసారి వెళ్లిపోయారు: కెల్విన్ బ్యాంక్స్, హేడెన్ కానర్, జేక్ మేజర్స్, క్యామెరాన్ విలియమ్స్. రైట్ గార్డ్ డీజే క్యాంప్‌బెల్ ఒక్కడే మిగిలాడు. అయినా క్వార్టర్‌బ్యాక్ ఆర్చ్ మ్యానింగ్ పేరు చూసి, అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ (ఏపీ) ర్యాంకుల ఓటర్లు టెక్సస్‌కి చరిత్రలో మొదటిసారి సీజన్ ముందు ర్యాంకుల్లో ఒకటో స్థానం ఇచ్చారు. తొలి మ్యాచ్‌లోనే ఒహాయో స్టేట్ మీద 14-7తో ఓటమి. ఆ రోజు ఫోర్త్ డౌన్ (10 యార్డులు సాధించడానికి దొరికే నాలుగు ప్రయత్నాల్లో ఆఖరిది) ఐదుసార్లు ప్రయత్నిస్తే ఒక్కసారే దక్కింది. ఫ్లోరిడా దగ్గర 29-21తో ఓడిన రోజు మ్యానింగ్‌ని 6 సార్లు సాక్ చేశారు (బంతి విసిరేలోపే పడగొట్టారు). జార్జియా 35-10తో చితక్కొట్టింది. 9-3తో రెగ్యులర్ సీజన్ ముగిసింది, ప్లేఆఫ్ కమిటీ 13వ ర్యాంకు ఇచ్చింది. సిట్రస్ బౌల్‌లో మిషిగన్ మీద 41-27 గెలుపు ఊరట మాత్రమే.

లైన్ మారితే అంత నష్టం ఎందుకని అడుగుతారేమో. కబడ్డీలో చేతులు పట్టుకుని చైన్ కట్టిన ఇద్దరిని గుర్తు తెచ్చుకోండి. ఇద్దరూ బలవంతులే అయినా ఒకడు అర అడుగు ముందు కదిలితే రైడర్ ఆ సందులోంచే జారుకుంటాడు. లైన్‌లో మధ్యన సెంటర్, అతనికి రెండు పక్కలా గార్డ్‌లు, చివర్లలో టాకిల్‌లు ఉంటారు. గార్డ్, టాకిల్ పక్కపక్కన చేసే పనీ అదే. అవతలి డిఫెన్సివ్ టాకిల్ బయటికి దూసుకెళ్తాడు, ఎండ్ వాడి వెనకనుంచి చుట్టి లోపలికి వస్తాడు. దాన్ని స్టంట్ అంటారు. ఎదురుగా ఉన్నవాణ్ణి వదిలేసి పక్కవాడు అప్పగించినవాణ్ణి పట్టుకోవాలి, మాట్లాడుకునే వ్యవధి ఉండదు. ఇది వందల స్నాప్‌లు (సెంటర్ బంతిని వెనక్కి అందించడంతో మొదలయ్యే ఒక్కో ఆట) కలిసి ఆడితేనే వస్తుంది. 2025లో లెఫ్ట్ గార్డ్ స్థానంలో కానర్ స్ట్రో మొదలుపెట్టాడు, మధ్యలో ఫ్రెష్‌మన్ (మొదటి ఏడాది విద్యార్థి) నిక్ బ్రూక్స్ వచ్చాడు. సెంటర్ కోల్ హట్సన్‌కి గాయమైనప్పుడు అక్కడా మార్పే. ఒక అతుకు రెండుసార్లు విప్పి కుడితే మిగతా బట్ట కూడా సాగుతుంది.

ఇక మీరు చేయాల్సిన పని. యూనివర్సిటీ అధికారిక సైట్లో రోస్టర్ తీసుకుని ఒక షీట్ తయారుచేసుకోండి. పేరు, స్థానం, ఎన్నో ఏడు, గతేడాది ఆడిన స్నాప్‌లు, ఎక్కడినుంచి వచ్చాడు, ఈ ఐదు గళ్లు చాలు. 2025 నుంచి రోస్టర్ పరిమితి 105 మంది. వాళ్లలో నిజంగా మ్యాచ్‌ని మార్చేది 45 మంది దాకా ఉంటారు, మిగతా పేర్లకి తల పగలగొట్టుకోవద్దు.

స్టార్ట్‌ల (ఆట మొదటినుంచీ దిగిన మ్యాచ్‌ల) కన్నా స్నాప్‌లు లెక్కపెట్టండి. జట్టు ఒక మ్యాచ్‌లో ఆఫెన్స్ వైపు సుమారు 65 నుంచి 70 స్నాప్‌లు ఆడుతుంది, అంటే 12 మ్యాచ్‌లకి దాదాపు 800. ఒక లైన్‌మన్ వాటిలో 300 కూడా ఆడకపోతే నేను అతన్ని కొత్తవాడి కిందే లెక్కేస్తాను, ప్రివ్యూలో "అనుభవజ్ఞుడు" అని రాసినా సరే. ఎందుకంటే ఆ కొద్దిపాటి స్నాప్‌లు తరచుగా బలహీన జట్ల మీద, స్కోరు ఎటూ తేలిపోయాక మూడో నాలుగో క్వార్టర్‌లో వచ్చినవి అయివుంటాయి. 2025లో శామ్ హ్యూస్టన్‌ని 55-0తో గెలిచినప్పుడు ఆడిన స్నాప్‌లు ఆ కోవలోవే.

"రెడ్‌షర్ట్ ఫ్రెష్‌మన్" అని కనిపిస్తే అతను అసలు ఆడలేదని అనుకోకండి. 2018లో వచ్చిన నియమం ప్రకారం ఒక సీజన్‌లో 4 మ్యాచ్‌ల వరకు ఆడినా కాలేజీలో ఆడే అర్హతలో ఆ ఏడు ఖర్చయినట్టు కాదు. అందుకే కోచ్‌లు కుర్రాళ్లని నవంబర్‌లో దింపుతారు. ఆ నాలుగు మ్యాచ్‌లు ఎవరిమీదో వెతికి చూడండి, బలమైన జట్టు మీద ఆడించారంటే కోచ్‌కి నమ్మకం కుదిరిందన్నమాట.

ఇప్పుడు 2026 టెక్సస్ లైన్ మీద ఈ లెక్క పెడదాం. లెఫ్ట్ టాకిల్ ట్రెవర్ గూస్బీ డ్రాఫ్ట్‌కి వెళ్లకుండా తిరిగొచ్చాడు. ఈ ఆఫ్‌సీజన్‌లో టెక్సస్‌కి దొరికిన అన్నింటికన్నా మంచి వార్త అదే. పోర్టల్‌లో (ఆటగాళ్లు ఒక యూనివర్సిటీ నుంచి ఇంకోదానికి మారే పద్ధతి) తెచ్చుకున్న ఏ రిసీవర్ (పాస్‌లు పట్టేవాడు) కన్నా ఇది పెద్దది. గతేడు రైట్ టాకిల్‌గా ఆడిన బ్రాండన్ బేకర్ ఉన్నాడు. వేక్ ఫారెస్ట్ నుంచి మెల్విన్ సియానీని తెచ్చుకున్నారు. కానీ హట్సన్, క్యాంప్‌బెల్ ఇద్దరికీ కాలేజీ అర్హత అయిపోయింది. అంటే అంచులు (టాకిల్‌లు) గట్టిగా ఉన్నాయి, నడుము (సెంటర్, గార్డ్‌లు) మళ్లీ కొత్తది. సెంటర్‌కి ఇంకో బాధ్యత ఉంది, డిఫెన్స్ ఎలా నిలబడిందో చూసి ఎవరు ఎవర్ని పట్టుకోవాలో అరిచి చెప్పేది ఎక్కువగా అతనే. ఐదుగురు సరిపోరు, ఎనిమిది మంది సిద్ధంగా ఉండాలి. ఆ ఆరు, ఏడు, ఎనిమిదో పేర్లు చెప్పని ప్రివ్యూని పక్కన పెట్టేయండి.

మ్యానింగ్ 2025 మొత్తం లెక్క 3,163 పాసింగ్ యార్డులు, 26 టచ్‌డౌన్లు, 7 ఇంటర్‌సెప్షన్లు. ఈ మొత్తాన్ని ఉన్నపళాన తీసుకోకండి. అక్టోబర్ మధ్య వరకు ఒకటి, ఆ తర్వాత ఒకటి, రెండు ముక్కలు చేయండి. శాన్ హోసే స్టేట్, యూటీఈపీ, శామ్ హ్యూస్టన్ మ్యాచ్‌లు తీసేసి చూడండి. మొదటి ముక్కలో అతను కాలు నిలదొక్కుకోకుండానే విసిరేవాడు, రెండో ముక్కలో పాకెట్‌లో (లైన్ కాపు కాసే జాగాలో) నిలబడ్డాడు. రెండో ముక్కలో ఉన్న మ్యానింగే ఈ ఏడాది వస్తాడని నా నమ్మకం, కానీ అది కూడా ఆ నడుము మీదే ఆధారపడుతుంది.

కొత్తగా చూసేవాళ్లు దాదాపు అందరూ పడే పొరపాటు ఒకటుంది. కాలేజీ లెక్కల్లో సాక్‌లో పోయిన యార్డుల్ని రన్నింగ్ యార్డుల్లోంచి తీసేస్తారు. ఎన్ఎఫ్ఎల్‌లో అలా కాదు, పాసింగ్‌లోంచి తీస్తారు. 6 సాక్‌లు పడిన రోజు 40 యార్డులు పోయాయనుకోండి, నిజానికి 120 పరిగెత్తిన జట్టుకి పేపర్లో 80 కనిపిస్తుంది. "రన్ గేమ్ బాగాలేదు" అని తేల్చేముందు సాక్‌లు వేరు చేసి మళ్లీ కూడండి. యార్డుల సగటు కన్నా సక్సెస్ రేట్ నయం: ఫస్ట్ డౌన్‌లో కావలసిన దూరంలో సగం, సెకండ్‌లో 70 శాతం, థర్డ్, ఫోర్త్‌లో మొత్తం వస్తే ఆ ఆట సఫలం. ఒక్క 70 యార్డుల పరుగు సగటుని మోసం చేయగలదు, దీన్ని చేయలేదు.

రిసీవర్లలో ఆబర్న్ నుంచి వచ్చిన క్యామ్ కోల్మన్, ఇక్కడే ఉన్న రయాన్ వింగో. ఇక్కడ దిగులు లేదు. రన్నింగ్ బ్యాక్‌లు ఇద్దరూ పోర్టల్ నుంచే: ఎన్‌సీ స్టేట్ నుంచి హాలీవుడ్ స్మదర్స్, అరిజోనా స్టేట్ నుంచి రాలీక్ బ్రౌన్. జట్టు మారినా వెంటనే పని చేసే స్థానం రన్నింగ్ బ్యాక్. బంతి పట్టుకుని పరిగెత్తడం ఎక్కడైనా ఒకటే. ఆలస్యంగా వచ్చేది బ్లిట్జ్ చేసే (క్వార్టర్‌బ్యాక్ మీదికి హఠాత్తుగా దూసుకొచ్చే) లైన్‌బ్యాకర్‌ని గుర్తుపట్టి అడ్డుకోవడం. సెప్టెంబర్ సాక్‌లలో కొన్ని లైన్ తప్పు కాదు, వీళ్లది అవుతుంది, రీప్లేలో చూడండి.

డిఫెన్స్‌లో పెద్ద మార్పు కోఆర్డినేటర్ (డిఫెన్స్ వ్యూహం నడిపే కోచ్). పీట్ క్వియట్‌కౌస్కీ స్థానంలో విల్ మస్చాంప్ వచ్చాడు, 2008 నుంచి 2010 వరకు ఇదే పని ఇక్కడే చేసినవాడు. ఎడ్జ్‌లో (డిఫెన్స్ లైన్ చివర) కాలిన్ సిమన్స్ ఉన్నాడు, లైన్‌బ్యాకర్ ఆంథొనీ హిల్ వెళ్లిపోయాడు, పిట్స్‌బర్గ్ నుంచి రషీమ్ బైల్స్ వచ్చాడు. సేఫ్టీ మైకేల్ టాఫీ లేకపోవడాన్ని ప్రివ్యూలు తేలిగ్గా తీసుకుంటున్నాయి. వెనక నిలబడి అందర్నీ సర్దేవాడు అతను. కోఆర్డినేటర్ మారిన ఏడు తొలి నాలుగు మ్యాచ్‌లలో తప్పు సాధారణంగా ఒకే రూపంలో వస్తుంది: ఇద్దరు ఒకే రిసీవర్ వెంట పడి ఇంకొకణ్ణి వదిలేస్తారు. 20 యార్డులు దాటిన పాస్‌లు ఎన్ని ఇచ్చారో లెక్కపెట్టండి, మొత్తం యార్డులు కాదు.

పోర్టల్ గురించి ఒక ముఖ్యమైన మార్పు. ఈసారి కిటికీ (మారడానికి పేరు ఇచ్చే గడువు) ఒకటే, జనవరి 2 నుంచి 16 వరకు. ఇదివరకు వసంతంలో ప్రాక్టీస్ అయ్యాక ఏప్రిల్‌లో ఇంకోసారి తెరిచేవారు, కంత కనిపిస్తే అప్పుడు పూడ్చుకునేవారు. ఇప్పుడు ఆ అవకాశం పోయింది. ఏప్రిల్‌లో సెంటర్ కుదరలేదని తెలిస్తే ఉన్నవాళ్లతోనే నెట్టుకురావాలి. మీకు దగ్గర్లోనే, డెంటన్‌లో, ఇంకా తీవ్రమైన ఉదాహరణ ఉంది. మన తెలుగు పిల్లలు చాలామంది చదివే నార్త్ టెక్సస్ 2025లో 12 మ్యాచ్‌లు గెలిచింది. కోచ్ ఎరిక్ మోరిస్ ఓక్లహోమా స్టేట్‌కి వెళ్లాడు, క్వార్టర్‌బ్యాక్ డ్రూ మెస్టమేకర్ కూడా అతని వెంటే. ఆ 12 విజయాలు చూసి 2026 అంచనా వేస్తే పాత అద్దెదారు సామాను చూసి ఇల్లు తీసుకున్నట్టే. జట్టు పేరు అదే, జట్టు వేరు.

షెడ్యూల్‌లో గెలుపోటములు ఊహించడం కన్నా ఎవరి తర్వాత ఎవరు వస్తారో చూడండి. టెక్సస్ ఉన్న కాన్ఫరెన్స్ (జట్ల కూటమి) ఎస్ఈసీ 2026 నుంచి కాన్ఫరెన్స్ మ్యాచ్‌లని 8 నుంచి 9కి పెంచింది, అంటే తేలిక మ్యాచ్ ఒకటి తగ్గింది. ఓక్లహోమా, టెక్సస్ ఎ అండ్ ఎం, ఆర్కన్సా టెక్సస్‌కి ప్రతి ఏడూ తప్పవు. సెప్టెంబర్ 12న ఒహాయో స్టేట్ ఆస్టిన్‌కి వస్తుంది. ఓక్లహోమాతో ఆట అక్టోబర్‌లో డాలస్ కాటన్ బౌల్ స్టేడియంలో. టెనసీ, ఎల్ఎస్‌యూ, ఎ అండ్ ఎం మ్యాచ్‌లు మాత్రం బయట. అవతలి స్టేడియంలో హోరు వల్ల సెంటర్ అరుపు వినపడదు, లైన్ సైగల మీద కదలాలి. కొత్త నడుముకి అసలు పరీక్ష ఆ రాత్రులే.

నా లెక్క 10-2. లైన్ కుదరకపోతే 9-3, అదే ప్రమాదం. 12 జట్ల ప్లేఆఫ్ వచ్చాక 2024, 2025 రెండేళ్లలోనూ రెగ్యులర్ సీజన్‌లో మూడు ఓడి, కాన్ఫరెన్స్ టైటిల్ లేకుండా లోపలికి వెళ్లిన జట్టు ఒక్కటీ లేదు. "పోయినేడు అదృష్టం లేదు, ఈసారి కలిసొస్తుంది" అనే వాదన కూడా నిలవదు. 2025 రెగ్యులర్ సీజన్‌లో 8 లేదా అంతకన్నా తక్కువ పాయింట్ల తేడాతో తేలిన మ్యాచ్‌లు ఐదు. కెంటకీ, మిసిసిపీ స్టేట్, వాండర్‌బిల్ట్ మీద గెలిచారు, ఒహాయో స్టేట్, ఫ్లోరిడా మీద ఓడారు. కెంటకీ, మిసిసిపీ స్టేట్ మ్యాచ్‌లైతే ఓవర్‌టైమ్ దాకా వెళ్లాయి. అదృష్టం వాళ్లకి బాకీ ఏమీ లేదు.

సీజన్ మొదలయ్యాక ప్రివ్యూలు మూసేసి ఎస్ఈసీ అవైలబిలిటీ రిపోర్ట్ (ఎవరు ఆడతారో, ఎవరు ఆడకపోవచ్చో చెప్పే జాబితా) చూడండి. కాన్ఫరెన్స్ మ్యాచ్ వారంలో బుధవారం రాత్రి మొదటిది వస్తుంది, రోజూ మారుతుంది, ఆఖరిది ఆట మొదలవడానికి 90 నిమిషాల ముందు. అందులో సెంటర్‌గానీ లెఫ్ట్ టాకిల్‌గానీ "డౌట్‌ఫుల్" అని ఉంటే మీ అంచనాని ఆ వారానికి మార్చుకోండి. రిసీవర్ లేకపోతే అంత మార్చక్కర్లేదు.

టెక్సస్ స్టేట్‌తో మొదటి మ్యాచ్‌లో స్కోరు పట్టించుకోకండి. మొదటి సగంలో థర్డ్ డౌన్‌కి 7 యార్డులు మించి కావలసి వచ్చిన ప్రతిసారీ బంతిని వదిలేసి సెంటర్‌నీ వాడికి రెండు పక్కలా ఉన్న గార్డ్‌లనీ చూడండి. స్టంట్ వచ్చినప్పుడు ముగ్గురూ ఒకేసారి మనుషుల్ని మార్చుకుంటున్నారా, లేక ఇద్దరు ఒకడి మీదే పడుతున్నారా? రెండోది రెండుసార్లు కనిపిస్తే, వారం తర్వాత ఒహాయో స్టేట్ కోచ్‌లు అదే చోట నుంచి మనుషుల్ని పంపుతారు.