కేకు ఆమెది, ఊలు ఆయనది, గిన్నెలు ఎవరివి?

ఏడాది చివరి సెలవులు దగ్గరపడితే చాలు, ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో వెన్న వాసన మొదలవుతుంది. ఈసారి ఊలు కూడా తోడైంది. చాలా ఇళ్లలో ఒకరు ఒవెన్ దగ్గర, ఇంకొకరు సోఫాలో అల్లికతో, మధ్యలో ఫ్రెండ్స్. ఉత్తరాలు కాస్త కుదించి వేస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, నాకు బేకింగ్ అంటే ప్రాణం. ప్రతి ఏడాదీ సెలవుల్లో మా ఫ్రెండ్స్‌ని ఇంటికి పిలుస్తాను. ఆరు రకాల బిస్కెట్లు, ఫ్రూట్ కేకు, చాక్లెట్ కేకు, అన్నీ నేనే చేస్తాను. మా ఆయనకు ఈమధ్య ఊలు అల్లే పిచ్చి పట్టింది. నేను వంటింట్లో నిలువుకాళ్ల మీద ఉంటే ఆయన హాల్లో కూర్చుని కుట్లు లెక్కపెట్టుకుంటుంటారు. పిలిస్తే "ఈ వరుస అయ్యాక వస్తా" అంటారు. ఆ వరుస ఎప్పటికీ అవదు. గట్టిగా అడిగితే "అన్ని రకాలు చెయ్యమని ఎవరడిగారు?" అంటారు. తీరా ఫ్రెండ్స్ వచ్చే టైముకి నాకు నవ్వే ఓపిక కూడా ఉండదు. తప్పెవరిది?
– ఒవెన్ పక్కన నిలబడ్డ పాఠకురాలు

జవాబు: తప్పెవరిదో తేల్చే పని నాకు పెట్టకండమ్మా. ఒకరి పక్షం వహిస్తే వచ్చే వారం రెండోవారి దగ్గర్నుంచి ఉత్తరం వస్తుంది. కానీ మీ ఆయన అడిగింది ఎంత చిరాకు తెప్పించినా అడగాల్సిన ప్రశ్నే. ఆరు రకాలు ఎవరడిగారు? మీ ఫ్రెండ్స్ అయితే కాదు. ఎన్ని రకాలు పెట్టినా వచ్చినవాళ్లు తలో ముక్క కొరికి, నచ్చిన ఒక్కదాని దగ్గర ఆగిపోతారు. ముందుగా ఖాళీ అయ్యే ప్లేటు ఏదో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. అది ఉంచండి. చేస్తున్నప్పుడు మీకు సరదాగా అనిపించేది ఇంకొకటి ఉంచండి. ఫ్రూట్ కేకు ఎలాగూ ఉంటుంది. మిగతావి ఈ ఏడాదికి వదిలేయండి. ఎవరైనా "అదేది?" అని అడిగితే వచ్చే ఏడాది చూద్దాం.

ఇంకో చిక్కు, పనంతా చివరి రెండు రోజుల్లోకి కుక్కేస్తున్నారు. బేకింగ్‌లో ముందే చేసి పెట్టుకోదగ్గ పని చాలా ఉంది. ఎండుద్రాక్ష, చెర్రీలు రమ్ములో అయితే వారాల ముందే నానేసుకోవచ్చు. పండ్ల రసంలో అయితే ఫ్రిజ్‌లో పెట్టి ఒకటి రెండు రోజుల ముందు చాలు. ఫ్రూట్ కేకు చేసిన రోజు కంటే, గాలి తగలకుండా చుట్టి పెట్టిన కొన్నాళ్లకే బాగుంటుంది. బిస్కెట్ల పిండినైతే పొడుగ్గా చుట్టి, కవరు చుట్టేసి ఫ్రీజర్‌లో పడేస్తే మూడు నెలల వరకు ఢోకా లేదు. కావలసినప్పుడు చాకుతో బిళ్లలుగా కోసి, కరిగేదాకా ఆగకుండా నేరుగా ట్రేలో పెట్టేయడమే. మామూలు కంటే ఒకటి రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతే. అతిథులు వచ్చాక పెట్టినా సరే. ఇల్లంతా వాసన వస్తుంది, మీరేమో కుర్చీలో కూర్చుని ఉంటారు.

ఇక మీ ఆయన సంగతి. "ఈ వరుస అయ్యాక వస్తా" అన్నది పూర్తిగా సాకు కాదు. డిజైన్ ఉన్న అల్లికలో వరుస మధ్యలో వదిలేస్తే ఎక్కడ ఆగామో తెలియదు. సూది మీంచి ఒక కుట్టు జారిందంటే దాని కిందివన్నీ ఒక్కో వరుసా విప్పుకుంటూ పోతాయి. కేకు లోపల పెట్టిన పదో నిమిషంలో ఎవరో వచ్చి ఒవెన్ తలుపు తెరిస్తే మీకెలా ఉంటుందో ఆయనకూ అలాగే ఉంటుంది. అయితే ఒక వరుసకు పట్టేది నిమిషాలే, గంటలు కాదు. ఆయన మాట నమ్మండి, గడియారం కూడా చూడండి.

"కాస్త సాయం చెయ్యండి" అని మాత్రం పిలవకండి. అలా పిలిస్తే వచ్చి, మీ వెనకాల నిలబడి "ఏం చెయ్యను?" అని అడుగుతారు. ఏం చెయ్యాలో చెప్పడం మీకు ఇంకో పని. ఒక పని మొదలు నుంచి చివరి దాకా ఆయనకు ఇచ్చేయండి. మా ఇంట్లో తూకం మా ఆయనది. ఆయనకు కేకు చెయ్యడం రాదు, నేర్చుకోవాలన్న కోరికా లేదు. చిన్న డిజిటల్ కాటా మీద గిన్నె పెట్టి, సున్నా నొక్కి, మైదా పోస్తారు. నేను కప్పు పట్టుకుంటే పక్కన నిలబడి దగ్గేవారు. ఆ దగ్గు వింటే నాకు ఒళ్లు మండేది. ఒకరోజు డబ్బాలోంచి కుక్కి తీసిన కప్పు మైదానూ, అదే కప్పులో స్పూనుతో వదులుగా పోసిన మైదానూ తూచి నా ముందు పెట్టారు. ఒకటి 150 గ్రాములకు దగ్గర, ఇంకొకటి 120 చిల్లర. అదే కప్పు, అదే మైదా. ఒకసారి మెత్తగా, ఇంకోసారి ఇటుకలా వచ్చే కేకు రహస్యం అదన్నమాట. అప్పటి నుంచి మైదా, చక్కెర, వెన్న ఆయన శాఖ. నేను అందులో వేలు పెట్టను.

గిన్నెల విషయం ముందే మాట్లాడుకోండి. పని అయ్యాక మాట్లాడితే అది గొడవే అవుతుంది. జల్లెడను ముందు పొడిగానే దులిపి ఆ తర్వాతే కడగాలని కూడా చెప్పి మరీ అప్పగించండి. నీళ్లు తగిలితే మైదా జిగురై కన్నాల్లో పట్టేస్తుంది. చెప్పకపోతే "నువ్వు చెప్పలేదుగా" అంటారు. ఆ మాటకు జవాబు ఈ శీర్షికలో కూడా లేదు.

అన్నట్టు, ఒక ట్రే బిస్కెట్లకు ఐసింగ్ వెయ్యకుండా ఉంచండి. వచ్చిన ఫ్రెండ్స్ ముందు ఐసింగ్ షుగరు, నీళ్లు, రంగులు పెట్టి వాళ్లకే వదిలేయండి. పిల్లల కంటే పెద్దవాళ్లే ఎక్కువ కొట్టుకుంటారు, చూడండి.

ప్రశ్న: అమ్మగారూ, నేను ఊలు అల్లడం నేర్చుకున్నాను. ఫ్రెండ్స్ ఇంటికొచ్చినప్పుడల్లా "ఏంట్రా, బామ్మవైపోయావ్" అని నవ్వుతారు. అది పట్టించుకోను. నా బాధ వేరు. మా ఆవిడకి ప్రేమగా స్వెట్టర్ అల్లి ఇచ్చాను. బిగుతుగా ఉందని ఒక్కసారి వేసుకుని బీరువాలో పెట్టేసింది. మళ్లీ మొదలుపెట్టాలంటే టెన్షన్. ఈ సెలవుల్లోపు ఇంకోటి అల్లి ఇవ్వనా?
– సూదులు పట్టిన భర్త

జవాబు: ముందు ఆ నవ్వే ఫ్రెండ్స్ సంగతి. పెరూ దేశంలో టిటికాకా సరస్సు మధ్య టకీలే అని ఒక దీవి ఉంది. అక్కడ అల్లిక మగవాళ్ల పని. మగపిల్లలు చిన్నతనంలోనే సూదులు పడతారు, తలకు పెట్టుకునే టోపీలు వాళ్లే అల్లుకుంటారు. ఆ దీవి వస్త్ర కళను యునెస్కో 2005లో గుర్తించింది. ఈసారి ఎవరైనా బామ్మ అంటే ఈ కథ చెప్పి, చేతికి రెండు సూదులిచ్చి పది కుట్లు వెయ్యమనండి. నవ్వు అక్కడే ఆగుతుంది.

స్వెట్టర్ బిగుతవడం వెనుక చాలావరకు లెక్కే ఉంటుంది. డిజైన్ కాగితం మీద "10 సెంటీమీటర్లకు 20 కుట్లు" అని ఉందనుకోండి. కొత్తగా నేర్చుకున్నవాళ్లు దారం బిగించి అల్లుతారు. వాళ్ల చేతిలో అదే 10 సెంటీమీటర్లలో 22 కుట్లు పడతాయి. రెండు కుట్లే కదా అనిపిస్తుంది. కానీ ఛాతీ చుట్టుకొలత 100 సెంటీమీటర్లు రావాలని 200 కుట్లు వేస్తే, మీ బిగువుకి అవి 91 సెంటీమీటర్ల దగ్గరే ఆగిపోతాయి. 9 సెంటీమీటర్లు గల్లంతు. మరి ఆవిడ బీరువాలో పెట్టక ఏం చేస్తుంది?

అందుకే అసలు పని ఎత్తుకునే ముందు అదే ఊలుతో, అవే సూదులతో 15 సెంటీమీటర్ల చదరపు ముక్క ఒకటి అల్లండి. దాన్ని తడిపి, ఆరబెట్టి, అప్పుడు మధ్యలో 10 సెంటీమీటర్లు కొలిచి కుట్లు లెక్కపెట్టండి. ఉతికాక ఊలు సాగొచ్చు, ముడుచుకోవచ్చు, కాబట్టి తడపకుండా కొలిచిన కొలత నమ్మొద్దు. కుట్లు ఎక్కువ వస్తే ఒక సైజు లావు సూదులు తీసుకోండి, తక్కువ వస్తే సన్నవి. ఒక సాయంత్రం పోతుంది, పోనివ్వండి. ఊలు కొనేటప్పుడు ఉండల మీద కాగితంపై రంగు బ్యాచ్ నంబరు ఉంటుంది, అన్నీ ఒకే నంబరువి తీసుకోండి. వేరే బ్యాచ్‌వి కలిస్తే షాపులో తెలియని తేడా వీపు మీద చారలా కనబడుతుంది.

ఆవిడ కొలతలు ఊహించి వెయ్యకండి. ఆవిడ రోజూ ఇష్టంగా వేసుకునే స్వెట్టర్ ఏదో తీసి, మంచం మీద పరిచి, టేపు పెట్టండి. అలాగే సర్‌ప్రైజ్ ఇవ్వాలన్న ముచ్చట మానుకోండి. రంగు ఏది, మెడ ఎంత దిగాలి, ఊలు ఒంటికి గుచ్చుకుంటుందా, ఇవన్నీ అడగండి. ప్రేమించినవాళ్లకు స్వెట్టర్ అల్లితే విడిపోతారని అల్లేవాళ్లలో ఒక నమ్మకం ఉంది, సగం జోకే అనుకోండి. అందులో నాకు కనిపించేది ఇదీ: నెలల తరబడి అల్లినవాళ్లు ఆ కష్టానికంతటికీ తగ్గ ముఖం ఒక్క క్షణంలో చూడాలనుకుంటారు. అందుకున్నవాళ్లకేమో అది ఒక స్వెట్టర్. మధ్యలో మీ ఆవిడ ఏం చెయ్యాలి చెప్పండి?

సెలవుల్లోపు అన్నారు కదా, స్వెట్టర్ వద్దు. తేదీ పెట్టుకుని అల్లితే చెయ్యి ఇంకా బిగుస్తుంది. ఒక మఫ్లర్ అల్లండి. అన్ని వరుసలూ ఒకే రకం కుట్టుతో వెయ్యండి, అంచులు చుట్టుకోవు. బీరువాలోది మాత్రం ఆవిడను అడిగి విప్పేయండి. ఊలు వంకీలు తిరిగి ఉంటుంది. చిలపలుగా చుట్టి, తడిపి, వేలాడదీస్తే తిన్నగా అవుతుంది. మఫ్లరుకి ఊలు దొరికినట్టే.

ప్రశ్న: నా ఫ్రెండ్‌కి నేను అల్లిన టోపీ ఇచ్చాను. తను దాన్ని వేడినీళ్లతో వాషింగ్ మెషీన్‌లో వేసింది. ఇప్పుడది బొమ్మ తలకు సరిపోతుంది! మళ్లీ సాగుతుందా?

జవాబు: సాగదు. ఊలు పోగు మీద సన్నటి పొలుసులుంటాయి. వేడి, సబ్బు, కుదుపు మూడూ కలిస్తే అవి ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి, ఇక విడిపోవు. కప్పు కింద పెట్టుకోవడానికి గుండ్రంగా కత్తిరించుకోండి, పోగులు ఊడవు. తననేమీ అనకండి. చేత్తో ఉతకాలని టోపీతో పాటు ఒక చీటీ పెట్టాల్సింది మీరే. లేదా మెషీన్‌లో వేసినా ముడుచుకోకుండా తయారుచేసిన ఊలు దొరుకుతుంది, ఫ్రెండ్స్‌కి ఇచ్చేవి దాంతోనే అల్లండి.

ప్రశ్న: మా గ్రూపులో ఒకావిడ గుడ్డు తినదు. ఆమె కోసం విడిగా కేకు చేస్తే "నా ఒక్కదాని కోసం ఇంత కష్టమా" అని ఇబ్బంది పడిపోతుంది. చెయ్యకపోతే నాకు బాధ. ఏం చెయ్యను?

జవాబు: విడిగా చెయ్యకండి, అందరికీ గుడ్డు లేనిదే చెయ్యండి. ఇలాంటి అవసరంలోంచే మనం వాడే బేకింగ్ పౌడరు వచ్చింది. ఇంగ్లండులో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే మందుల షాపాయన భార్యకు గుడ్డు పడేది కాదు. ఆవిడ కోసం 1837లో గుడ్డు లేని కస్టర్డ్ పొడి తయారుచేశాడు. రొట్టె పొంగడానికి వేసే ఈస్ట్ కూడా పడదని 1843లో బేకింగ్ పౌడరు చేశాడు. భార్య తినగలగాలని రెండుసార్లు అంత శ్రమపడ్డ మనిషి గిన్నెలు కడిగాడో లేదో మరి!

మీకు తేలిక దారి చాక్లెట్ కేకు. మైదా, చక్కెర, కోకో, వంటసోడా కలిపి, నూనె, నీళ్లు, కొంచెం వెనిగర్ పోసి కలపడమే. సోడా, వెనిగర్ కలిసిన క్షణం నుంచే బుడగలు మొదలవుతాయి కాబట్టి ఒవెన్ ముందే వేడెక్కి ఉండాలి, టిన్నుకు నూనె ముందే రాసి ఉండాలి. కలిపాక ఫోను ఎత్తకండి. అయితే ఒక్కమాట ఆవిడను అడగండి, తినకపోవడం ఇష్టం లేకనా, అలర్జీనా అని. అలర్జీ అయితే బీటరు, గిన్నె, స్పాచులా అన్నీ లెక్కలోకి వస్తాయి. కోకో, చాక్లెట్ పొట్లాల మీద రాసింది కూడా చదవండి. ఇంకేవైనా గుడ్డుతో చేస్తుంటే, ఆ రోజు ముందుగా ఆవిడ తినే కేకు ఒవెన్‌లోంచి దిగి, చల్లారి, డబ్బాలోకి వెళ్లాకే ఫ్రిజ్‌లోంచి గుడ్ల ట్రే బయటికి తియ్యండి.