కథావస్తువు, ఇతివృత్తం ఒకటేనా?

సందేహం: ఆదివారాలు మా వీధి పిల్లలకు తెలుగు చెబుతుంటాను. బడిలో తమిళ పాఠంలో కదైక్కరు వేరు, కదైప్పిన్నల్ వేరు అని నేర్చుకొస్తున్నారు. మరి తెలుగులో కథావస్తువు, ఇతివృత్తం, కథాంశం ఒకటేనా అని అడుగుతున్నారు. ఒక్కో పుస్తకంలో ఒక్కోలా ఉంది. ఏది పట్టుకోవాలి?
– ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

సమాధానం: ఈ తికమక పాతదే. సంస్కృత నాటక లక్షణాలు చెప్పే ధనంజయుడి దశరూపకంలో వస్తువంటే ఇతివృత్తమే. దాన్ని ఆధికారికం (ప్రధాన కథ), ప్రాసంగికం (దానికి తోడొచ్చే ఉపకథ) అని విభజించాడాయన. రామాయణంలో రాముడి కథ ఆధికారికం. చాలా దూరం సాగే సుగ్రీవుడి కథ, కాసేపట్లో ముగిసే శబరి కథ ప్రాసంగికాలు. సుగ్రీవుడిది పతాక, శబరిది ప్రకరి. ఆధునిక విమర్శకు వచ్చేసరికి 'వస్తువు' సంఘటనలను వదిలి, వాటి వెనకున్న విషయానికి పేరైంది. రెండర్థాలనూ ఒకే పేజీలో కలిపేసే గైడ్లతోనే చిక్కు. నాటక లక్షణాలు చెప్పేటప్పుడు పాత అర్థం, కథానిక చెప్పేటప్పుడు కొత్త అర్థం తీసుకోండి.

పిల్లలకు పంచతంత్రంలోని సింహం–కుందేలు కథతో చూపించండి. ముందు సంఘటనలను 'తర్వాత' అని కలుపుతూ రాయించండి: ఒప్పందం కుదిరింది, తర్వాత కుందేలు వంతు వచ్చింది, తర్వాత అది ఆలస్యంగా వెళ్లింది... ఇది కథ. ఇప్పుడు 'తర్వాత' కొట్టేసి 'అందువల్ల', 'అయితే' పెట్టించండి. కుందేలు ఆలస్యం చేసింది, అందువల్ల సింహానికి కోపమొచ్చింది, అందువల్ల ఇంకో సింహం అడ్డుపడిందన్న మాటను ఆలోచించకుండా నమ్మింది, బావిలో తన నీడనే చూసి దూకింది. ఇది ఇతివృత్తం. ఆ ఆలస్యాన్ని తీసేసి చదివించండి: సింహానికి కోపమూ లేదు, కుందేలు అబద్ధం చెప్పాల్సిన పనీ లేదు. ఏ సంఘటన తీస్తే తరువాతిది నిలబడదో అది ఇతివృత్తంలో భాగం. తీసినా ఏమీ కాకపోతే అది వర్ణనో, అలంకారమో.

ఇక పేర్లు, జంతువులు, బావి అన్నీ తీసేస్తే మిగిలేది వస్తువు: బలవంతుడి చేతిలో చిక్కిన బలహీనుడు తప్పించుకునే దారి. ఇక్కడ పిల్లలు రెండు తప్పులు చేస్తారు. 'తెలివి' అని ఒక్క మాట రాసి ఊరుకుంటారు. అది విషయం పేరే తప్ప వస్తువు కాదు, కనీసం ఒక వాక్యమైనా కావాలి. రెండోది, 'బలం కన్నా బుద్ధి గొప్పది' అని నీతి రాసేస్తారు. నీతి చదివేవాడికి చేసే బోధ. వస్తువు కథ పట్టించుకున్న సమస్య. వస్తువు లేని కథ ఉండదు గానీ, నీతి లేని మంచి కథలు ఎన్నో ఉన్నాయి. కాబట్టి ప్రతి పాఠం కిందా 'నీతి ఏమిటి?' అని అడగడం మానెయ్యాలి, మాస్టర్లు కూడా.

తమిళ మాటలకు జోడు కావాలంటే: కదైక్కరు వస్తువు, కదైప్పిన్నల్ ఇతివృత్తం, కదైమాందర్ పాత్రలు, కదైక్కళం నేపథ్యం. నేపథ్యమంటే ఊరొక్కటే కాదు, కాలం కూడా చెప్పించండి.

కథాంశమంటారా, దాన్ని ఒకరు వస్తువుకు, ఇంకొకరు ఇతివృత్తానికి వాడుతున్నారు. ప్రశ్నపత్రంలో ఆ మాటే వస్తే, మొదటి వాక్యంలో వస్తువు చెప్పి, తర్వాత మూడు నాలుగు వాక్యాల్లో ఇతివృత్తం రాయమనండి. ఏ అర్థంలో అడిగినా మార్కు పోదు.