అంకె కదలకపోతే అన్నం మానేస్తావా?

తార్నాక, హైదరాబాద్

అమ్ములూ,

నిన్న రాత్రి నువ్వు ఫోన్‌లో ఏడుస్తుంటే ఏదో సర్దిచెప్పి పెట్టేశాను కానీ ఆ తర్వాత నాకు నిద్ర పట్టలేదు. అందుకే పొద్దున్నే కూర్చుని ఇదంతా రాస్తున్నాను. తీరిక దొరికినప్పుడు నిదానంగా చదువుకో.

రెండున్నర నెలల్లో 78 కిలోల నుంచి 71కి వచ్చావు. ఐదు వారాలుగా మిషన్ 71 దగ్గరే ఆగింది. "రేపట్నుంచి రాత్రి తిండి మానేస్తా పెద్దమ్మా" అన్నావు చూడు, నా భయమంతా ఆ మాటతోనే. ఎందుకంటే ఆ పని నేను చేశాను.

నేను 81 నుంచి 74కి వచ్చి ఏడు వారాలు ఆగిపోయాను. పంతానికి పోయి రాత్రి అన్నం మానేసి గ్లాసు మజ్జిగతో పడుకునేదాన్ని. పదో రోజు యూనివర్సిటీలో ఆర్ట్స్ కాలేజీ ముందు నడుస్తుంటే కళ్లు తిరిగి అక్కడే కూర్చుండిపోయాను. అదొక్కటే అయినా బాగుండేది. రెండు రోజులు కడుపు మాడ్చుకుంటే మూడో రోజు అర్ధరాత్రి లేచి ఫ్రిజ్‌లోని పెరుగన్నం గిన్నెడు ఆవకాయతో తినేసేదాన్ని. మర్నాడు మళ్లీ ఉపవాసం. నెల తిరిగేసరికి బరువు అదే 74. ఒంట్లో ఓపిక మాత్రం పోయింది.

నీ ఒళ్లు నీ మీద పగబట్టలేదమ్మా. ఏడు కిలోలు తగ్గిన ఒంటికి మునుపటంత తిండి అక్కర్లేదు. మెట్లెక్కినా నడిచినా మోయాల్సిన బరువు తగ్గింది కాబట్టి ఖర్చూ తగ్గుతుంది. పైగా తిండి తగ్గినప్పుడు ఒళ్లు కొంచెం పొదుపు కూడా నేర్చుకుంటుంది. మొదట్లో నిన్ను బరువు తగ్గించిన తిండే ఇప్పుడు నిలబెడుతోంది, అంతే. మొదటి వారంలో రెండు కిలోలు తగ్గానని ఎగిరి గంతేశావు కదా, అందులో చాలావరకు నీళ్లే. మనం తిన్న పిండిపదార్థం కండరాల్లో, కాలేయంలో నిల్వ ఉన్నప్పుడు ఒక్కో గ్రాముకీ సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. తిండి తగ్గించగానే ఆ నిల్వా ఖర్చవుతుంది, దాంతో నీరూ పోతుంది. ఆ వేగం ఎప్పుడూ ఉంటుందనుకుంటే మనసు కష్టపెట్టుకోవడమే.

పెరగడమూ అంతే. బిర్యానీ తిన్న మర్నాడు కిలోన్నర పెరిగానని టెన్షన్ పడ్డావు. ఒక కిలో కొవ్వు పెరగాలంటే ఒంటికి కావాల్సిన దానికంటే సుమారు 7,700 కేలరీలు ఎక్కువ తినాలి. ఒక ప్లేటు బిర్యానీతో అది కాదు. ఉప్పు పట్టి ఉంచిన నీరూ, కడుపులో ఉన్న తిండీ కలిసి అంకె పెరిగింది. నెలసరికి ముందు కూడా నీరు చేరుతుంది. అందుకని రోజుకి మూడుసార్లు మిషన్ ఎక్కకు. పొద్దున్నే బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక, ఏమీ తాగకముందు ఒక్కసారి చూసి రాసుకో. ఏడు రోజుల సగటు తీసి, కిందటి నెల ఇదే వారం సగటుతో పోల్చు.

అలా పోల్చినా కదలకపోతే అప్పుడు తిండి లెక్క చూడాలి. నాకు దొంగ నూనె దగ్గర దొరికింది. కొలిచి తింటున్నాననే అనుకున్నాను. అన్నం కప్పుతో కొలిచేదాన్ని, పుల్కాలు లెక్కపెట్టేదాన్ని, మూకుట్లోకి వంపే నూనెని మాత్రం ఎన్నడూ కొలవలేదు. ఒకసారి లీటరు ప్యాకెట్ విప్పిన రోజు దాని మీద పెన్నుతో తారీఖు వేశాను. మా ఇద్దరికీ 12 రోజుల్లో అయిపోయింది. లీటరు నూనె దాదాపు 910 గ్రాములు. అంటే మనిషికి రోజుకి 38 గ్రాములు! కూర్చుని పనిచేసేవాళ్లకి 20, 25 గ్రాములు చాలని మా తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు ఎప్పట్నుంచో చెబుతున్నారు. గ్రాముకి 9 కేలరీలు. పైన పడుతున్న ఆ 13 గ్రాములే నెలకి దాదాపు అరకిలో కొవ్వుకి సమానం. ప్యాకెట్ 18 రోజులు రావాలని నియమం పెట్టుకున్నాను. వంకాయని నూనెలో మగ్గించే బదులు కాల్చి పచ్చడి చేశాను, పోపుకి చిన్న చెంచా వాడాను. ఒక్క ముద్ద అన్నం తగ్గించకుండానే మిషన్ మళ్లీ కదిలింది.

మీ వంటమనిషికి "నూనె తగ్గించు" అని చెబితే లాభం లేదు. ఆవిడ చేతి కొలత మారదు. మీరిద్దరు కాబట్టి వారానికి 350 మిల్లీలీటర్లు ఒక సీసాలో పోసిచ్చి, మిగతా ప్యాకెట్ లోపల పెట్టెయ్. ఆఫీసు మిషన్ కాఫీ కూడా లెక్కలోకి తీసుకో. అందులో పంచదార ముందే కలిపి ఉంటుంది.

ఇక శనాదివారాలు. ఐదు రోజులు రోజుకి 400 కేలరీలు తగ్గించుకుంటే 2,000 అవుతాయి. శనివారం స్నేహితులతో బిర్యానీ, డబుల్ కా మీఠా, ఆదివారం ఇంకేదో. రోజుకి వెయ్యి ఎక్కువైతే చాలు, చెల్లుకు చెల్లు. మానేయమనడం లేదు. రెండు రోజుల్లో ఒకపూట చేసుకో.

రాత్రి అన్నం తగ్గించాలనిపిస్తే తగ్గించు కానీ కంచం ఖాళీగా ఉంచకు. ఒక గరిటె అన్నం తీసేసి ఆ చోట పప్పు, గుడ్డు, పెరుగు పెంచు. వాటిలోని మాంసకృత్తులు లేకపోతే కొవ్వుతో పాటు కండా కరుగుతుంది. నడక మంచిదే, కానీ అదొక్కటే చాలదు. కుర్చీ పట్టుకుని పొద్దున పదిహేను, సాయంత్రం పదిహేను గుంజీళ్లు తీయి. రెండు లీటరు సీసాల్లో నీళ్లు నింపి చేతులకి కసరత్తు చెయ్యి.

నీకు చూపించాలనుకున్నది ఒకటుంది. మన జాకెట్లకి టైలర్ పక్కన మూడు కుట్లు వేసిస్తాడు కదా, ఒళ్లు చేసినకొద్దీ ఒక్కోటి విప్పుకోవడానికి. నేను మూడూ విప్పేశాను. ఆ ఏడు వారాలు మిషన్ కదలలేదని నేను ఏడుస్తున్న రోజుల్లోనే, ఒక పెళ్లికి వెళ్తూ గద్వాల చీర మీది జాకెట్ వేసుకుంటే చంకల దగ్గర గుడ్డ వేలాడింది. పాత కుట్టు గీత ఇంకా కనబడుతూనే ఉంది, దాని మీదే సూదితో మళ్లీ కుట్టాను. అప్పట్నుంచి నెలకోసారి నడుం కొలుస్తున్నాను. మన ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు దాటకూడదంటారు. నువ్వూ టేపు కొనుక్కో.

ఇవన్నీ నెలన్నర చేసినా మార్పు లేకపోతే, లేదా జుట్టు ఊడటం, చలి, నీరసం, నెలసరి తప్పడం ఉంటే డాక్టర్ దగ్గరికి వెళ్లి థైరాయిడ్ పరీక్ష చేయించుకో. వేసుకుంటున్న మందులేమైనా ఉంటే అవీ చెప్పు. ఎవరో చెప్పారని థైరాయిడ్ మాత్రలు మాత్రం సొంతంగా మింగకు.

మీ అమ్మమ్మ షుగర్‌తో పడ్డ బాధ నేను దగ్గరుండి చూశాను. ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా షుగర్, బీపీ విషయంలో మేలు జరుగుతుంది. నువ్వు ఇప్పటికే 9 శాతం తగ్గావు. అందుకే నీ ఏడుపు విని నాకు బాధేసింది, ఇంత చేసి ఓడిపోయానని నువ్వనుకుంటున్నందుకు.

వచ్చే ఆదివారం మధ్యాహ్నం భోజనానికి రా. తోటకూర పప్పు, కాల్చిన వంకాయ పచ్చడి చేస్తాను. నీ నిశ్చితార్థం జాకెట్ కూడా తెచ్చుకో, వేసి చూద్దాం. దారం, సూది నా దగ్గరున్నాయి.

నీ పెద్దమ్మ