సర్కారు బడి సెలవులు ముందురోజైనా తెలియకపోతే పనికి పోయే తల్లులు ఏం చేయాలి?

మీరు అడిగింది చదివాను. ఈ ఏడాదే పాపను ప్రైవేటు మాన్పించి సర్కారు బడిలో వేశారు, చదువు బాగానే ఉంది, కానీ ఏ రోజు సెలవో ఏ రోజు ఒంటిపూటో తెలియక ఉద్యోగం చేసుకోలేకపోతున్నాం, మళ్లీ ప్రైవేటుకే మార్చేయాలా అంటున్నారు. ఈ ఒక్క కారణంతో మాత్రం మార్చకండి. అలాగని మీ ఇబ్బంది చిన్నదేం కాదు, "సర్కారు బడి అంటే అంతే, సర్దుకోవాలి" అనేవాళ్ల మాట అసలు వినొద్దు.

మాది వరంగల్. నేను బట్టల షోరూమ్‌లో సేల్స్‌లో చేస్తాను, మా ఆయన డీసీఎం నడుపుతాడు, వారంలో సగం రోజులు ఊళ్లో ఉండడు. పెద్దది హైస్కూల్లో తొమ్మిది, చిన్నోడు ప్రైమరీలో ఐదు. ఇద్దరిదీ మొదటి నుంచీ సర్కారు బడే.

బడి క్యాలెండర్ అనేది ఒకటుంది. జూన్ 12న బడి తెరుస్తారు, ఏప్రిల్ 24 నుంచి ఎండాకాలం సెలవులు, దసరాకు 13 రోజులు, మార్చి సగం నుంచి ఒంటిపూట బడులు, ఇవన్నీ ముందే పేపర్లో వస్తాయి. దసరా సెలవులు మాకు నిజంగా కష్టమే, ఎందుకంటే షోరూమ్‌కి అసలు సీజన్ అదే, రాత్రి పదింటిదాకా నిలబడాలి, ఆ రోజుల్లో లీవు అడిగితే మళ్లీ రావొద్దంటారు. అయినా తేదీ తెలుసు కాబట్టి ఎంగిలిపూల బతుకమ్మ నాటికే పిల్లల్ని జనగామలో మా అమ్మ దగ్గర దింపేస్తాను. తేదీ తెలిస్తే చాలు, మిగతా తిప్పలు మేం పడతాం.

ప్రాణం తీసేవి ఆ క్యాలెండర్‌లో లేని సెలవులు. 2019లో ఆర్టీసీ సమ్మె వచ్చి, దసరా సెలవులయ్యాక అక్టోబర్ 14న తెరవాల్సిన బళ్లను 19 దాకా మూసేశారు. 2022 జనవరిలో సంక్రాంతి సెలవులు 16తో అయిపోవాల్సింది, కరోనా వల్ల 30 దాకా పెంచారు. అదే ఏడాది జూలైలో వానలకు మూడు రోజులన్నారు, చివరికి వారమంతా అయింది. కరోనాకో వానకో ఎవరినీ తప్పుపట్టలేం, వాగులు పొంగుతుంటే పిల్లల్ని బడికి పంపాలని ఏ తల్లీ అనుకోదు, మా ఊళ్లో కాలనీలకు కాలనీలు మునిగితే చూసినవాళ్లం మేము. కానీ చెప్పడానికి ఒక టైమ్ ఉంటుంది కదా? రాత్రి ఎనిమిదింటికి చెప్తే పక్కింటివాళ్లనో చుట్టాలనో బతిమాలుకుంటాం. తెల్లారి డ్యూటీకి బయల్దేరాక చెప్తే ఏం చేయగలం?

ఒకసారి పిల్లలు ప్రేయర్‌కి నిలబడ్డాక సెలవని కబురొచ్చింది. వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టారు, పెట్టలేదని అనను. కానీ మా షోరూమ్‌లో లోపలికి పోయేటప్పుడే ఫోన్ లాకర్‌లో పెట్టాలి, మళ్లీ భోజనానికి వదిలినప్పుడే ఇస్తారు, నేను చూసేసరికి రెండయింది. చిన్నోడు అప్పుడు మూడో తరగతి. ఇంటికి పోతే తాళం, పైన వాన, మళ్లీ బడికే వచ్చి వంటగది రేకుల కింద కూర్చున్నాడట. భోజనం ప్లేటు బ్యాగులోనే ఉంది, సెలవంటే ఆ పూట అన్నం కూడా లేనట్టే కదా. బడిలో వండే అక్క సామాను సర్దుకుని పోతూ వీణ్ణి చూసి తన ఇంటికి తీసుకెళ్లి ఇంత అన్నం పెట్టింది. ఆమె చూడకపోతే సాయంత్రం దాకా అక్కడే తడుస్తూ ఉండేవాడు. ఇప్పటికీ గట్టిగా వాన మొదలైతే కౌంటర్ దగ్గర నాకు చేతులాడవు.

వీటికన్నా నాకు కోపం తెప్పించేవి, ముందే తెలిసి కూడా మాకు చివర్లో చెప్పేవి. 2024లో ఇంటింటి సర్వేకి టీచర్లు కావాలని నవంబర్ 6 నుంచి ప్రైమరీ బళ్లన్నీ ఒంటిపూట చేశారు, దాదాపు నెలాఖరు దాకా. హైస్కూళ్లు మామూలే. అంటే మధ్యాహ్నానికల్లా చిన్నోడు ఇంట్లో, పెద్దది సాయంత్రం దాకా బడిలో, మరి వాణ్ణి ఎవరు చూడాలి? నేను మా తోటికోడలి కాళ్లావేళ్లా పడి వాణ్ణి ఆమె దగ్గర ఉంచాను. మా వాడలో ఆ దారి లేని ఇళ్లలో అక్కలను బడి మాన్పించారు. ఎనిమిదీ తొమ్మిదీ చదివే ఆడపిల్లలు తమ్ముళ్లకు కాపలా ఉన్నారు. ఒంటిపూట తమ్ముడి బడికి, ఆబ్సెంట్ అక్కకి. దీని గురించి ఎవరూ మాట్లాడకపోవడమే నాకు బాధ. టీచర్లను అని లాభం లేదు, వాళ్లకూ పైనుంచి ఎప్పుడు చెప్తే అప్పుడే తెలుస్తుంది.

మార్చిలో ఇంకో చిక్కు. ప్రైమరీలో ఒంటిపూట అంటే పొద్దున 8 నుంచి 12:30. పదో తరగతి పరీక్షల సెంటర్ పడిన హైస్కూల్లో మాత్రం మిగతా క్లాసులకు మధ్యాహ్నం బడి పెడతారు. ఎండకు తాళలేరనే కదా ఒంటిపూట పెట్టేది, మా పాప ఆ మండే ఎండలోనే ఒంటిగంటకు నడిచి పోతుంది. సెంటర్ పడుతుందని బడివాళ్లకు చాలా ముందే తెలుసు, ఒక చీటీ రాసి పంపితే ఏమవుతుంది? ఎన్నికలప్పుడు పోలింగ్ బూత్ అని ఇచ్చే సెలవులూ అంతే. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం 5వ తరగతి వరకు 200 రోజులు, 6 నుంచి 8 వరకు 220 రోజులు బడి నడవాలి. తగ్గిన రోజుల్ని రెండో శనివారాలు పెట్టి పూడుస్తారు, ఆ శనివారం బడి ఉందని కూడా శుక్రవారం సాయంత్రమే తెలుస్తుంది.

ఇక మీరు ఏం చేయాలంటే, ముందు బడిలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ మీటింగ్ ఎప్పుడో కనుక్కుని పోండి. మహిళా సంఘం అధ్యక్షురాలే దానికి చైర్‌పర్సన్, కాబట్టి మన గోడు ఆమెకు త్వరగా అర్థమవుతుంది. మేం నలుగురం తల్లులం కలిసి రెండు అడిగాం. ముందే తెలిసిన ఒంటిపూట రోజుల్లో, అడిగినవాళ్ల పిల్లల్ని సాయంత్రం దాకా బడిలోనే ఉంచమన్నాం, పైనుంచి ఆర్డర్ లేకుండా బాధ్యత తీసుకోలేమని హెచ్‌ఎం గారు అన్నారు, అది ఇంకా తేలలేదు. రెండోది ఒప్పుకున్నారు: ప్రతి బిడ్డకీ రెండు ఫోన్ నంబర్లు రిజిస్టర్‌లో రాసుకున్నారు, ఉన్నట్టుండి సెలవొస్తే మూడో తరగతి లోపు పిల్లల్ని ఎవరో ఒకరికి ఫోన్ చేసి మాట్లాడాకే గేటు దాటనిస్తున్నారు. నేను రెండో నంబర్‌గా మా షోరూమ్ ల్యాండ్‌లైన్ ఇచ్చాను, ఓనర్‌కి ముందే చెప్పి ఒప్పించాను. మీరూ అలాంటి నంబర్ ఒకటి ఇవ్వండి.

ప్రైవేటుకు మారిస్తే ఈ టెన్షన్ పోతుందనుకోకండి. వాన సెలవు వాళ్లకూ అదే టైమ్‌కి వస్తుంది, వ్యాన్ వెనక్కి తిప్పి తాళం వేసిన ఇంటి ముందే దింపి పోతారు. మేం కమిటీకి రాసిచ్చిన దరఖాస్తు కావాలంటే చెప్పండి, టైప్ చేసి పెడతాను, బడి పేరు మార్చుకుంటే సరిపోతుంది.