సాయంత్రం అయిదున్నరకే ఆ కడుపునొప్పి ఎందుకొస్తోంది?

ప్రశ్న: మాది కాకినాడ. నాకు 36 ఏళ్ళు. నాలుగేళ్ళుగా మా డాబా మీద రేకుల షెడ్డు వేసి పిల్లలకు యోగా క్లాసు నడుపుతున్నాను. ఫీజు నెలకు 800. 2025లో రాష్ట్ర ప్రభుత్వం యోగాంధ్ర కార్యక్రమం జరిపిన రోజుల్లో 34 మంది పిల్లలుండేవారు. పక్క వీధిలో ఇంకొకరు 500కే మొదలుపెట్టాక 19 మంది మిగిలారు. మా పాపకు తొమ్మిదేళ్ళు. చక్రాసనం, ధనురాసనం చాలా బాగా వేస్తుంది. బోర్డు మీద ఫొటో కూడా తనదే. తన వీడియోలు చూసే చాలామంది చేరారు. సరిగ్గా రాకపోతే ఒక్కో వీడియో నాలుగైదుసార్లు తీయాల్సి వస్తుంది. జిల్లా పోటీలకు కూడా పంపాలనుకున్నాను. కానీ రెండు నెలలుగా, అయిదున్నరకు క్లాసు మొదలయ్యే సమయానికే కడుపునొప్పి అంటోంది. డాక్టరు ఏమీ లేదన్నారు. గట్టిగా నిలదీస్తే, "క్లాసులో అందరినీ బంగారం అంటావు, నన్ను మాత్రం సరిగ్గా చెయ్యి అంటావు" అని ఏడ్చింది. మా అత్తగారేమో దాన్ని వెనకేసుకొస్తున్నారు. మావారు జీఎస్టీ గొడవలు వస్తాయి, మూసెయ్యమంటున్నారు. ఫీజు తగ్గించాలా? పాపను దారిలో పెట్టడం ఎలా?

జవాబు: ఫీజు సంగతి ముందు తేల్చేద్దామమ్మా, దానికి ఎక్కువసేపు అక్కర్లేదు. తగ్గించకండి. ఇప్పుడు మీకు నెలకు 15,200 వస్తోంది. 500 చేశాక, వెళ్ళిపోయిన 15 మందీ తిరిగొచ్చినా 17,000. పద్దెనిమిది వందల కోసం దాదాపు రెట్టింపు మంది పిల్లల్ని చూసుకోవాలి. అది మీకూ మంచిది కాదు, పిల్లలకూ మంచిది కాదు. పందొమ్మిది మందైతే ఎవరి నడుము ఎలా వంగుతోందో మీ కంటికి ఆనుతుంది. ఇక జీఎస్టీ రిజిస్ట్రేషన్ అంటారా, ఇలాంటి సేవలకు ఏడాది రాబడి 20 లక్షలు దాటితేనే. 34 మంది ఉన్న రోజుల్లో కూడా మీ రాబడి ఏడాదికి మూడు లక్షల పాతిక వేల దగ్గరే. ఆ లెక్క కాగితం మీద రాసి మీవారి ముందు పెట్టండి. నాలుగేళ్ళు కష్టపడి నిలబెట్టుకున్న పనిని ఒకరి భయం కోసం మూసేయకూడదు. మీ చేతిలో మీ సంపాదన ఉండాలి. ఈ మాట ఏ ఆడపిల్లకైనా చెబుతాను.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. పాపను దారిలో పెట్టడం ఎలా అని అడిగారు. పాప దారిలోనే ఉంది. తొమ్మిదేళ్ళ పిల్ల తన బాధను అంత స్పష్టంగా ఒక్క వాక్యంలో చెప్పింది. పెద్దవాళ్ళం మనకే అలా చెప్పడం చేతకాదు. ఆ మాట మీరు ఉత్తరంలో రాశారంటే అది మీకూ గుచ్చుకునే ఉంటుంది. మరి దాన్ని మొండితనం కింద ఎందుకు జమకట్టారు?

డాక్టరు ఏమీ లేదన్నారని ఆ నొప్పి అబద్ధమనుకోకండి. దిగులున్న పిల్లలకు కడుపులో నిజంగానే నొప్పి వస్తుంది. పరీక్షల పొద్దున మనకు రాలేదా? బడిలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా టీచర్ల దగ్గర ఉంటుంది. ఇంటికి పరిగెత్తుకొస్తే అమ్మ ఉండాలి. కానీ అయిదున్నరకు అమ్మ కూడా టీచరైపోతోంది. అదీ, మిగతా పిల్లలందరికీ దొరికే మెత్తని టీచరు తనకు దొరకడం లేదు.

నా చిన్నప్పటి సంగతి ఒకటి చెబుతాను. మా నాన్నగారు ఇంటికి ఎవరొచ్చినా నన్ను పిలిచి పద్యాలు చెప్పించేవారు. వచ్చినవాళ్ళు మెచ్చుకునేవారు, నాన్నగారి ముఖం వెలిగిపోయేది. ఒకసారి మధ్యలో ఒక పాదం మరిచిపోయాను. ఆయన ఏమీ అనలేదు, తల పక్కకు తిప్పుకున్నారు. ఆ తరవాత గేటు చప్పుడైతే చాలు, పెరట్లోకి వెళ్ళి నుయ్యి వెనక దాక్కునేదాన్ని. నాన్నగారికి నామీద ఎంత ప్రేమో ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం పద్యం వస్తేనే నేను ఆయన కూతురిననుకునేదాన్ని. మీ ఉత్తరం చదువుతుంటే ఆ నుయ్యి గట్టు గుర్తొచ్చింది.

ఆ వీడియోల గురించి కూడా గట్టిగానే చెబుతాను. బడి నుంచి వచ్చి టిఫిన్ తిన్న పిల్లను వెంటనే చక్రాసనం వేయనిస్తారా? కడుపు ఖాళీగా ఉండాలని క్లాసు పిల్లల అమ్మలకు మీరే చెబుతారు కదా. వేరేవాళ్ళ పిల్ల నడుమును, వెలుతురు బాగా పడలేదని అయిదోసారి వంచుతారా? చచ్చినా వంచరు. ఒళ్ళు మెత్తగా ఉంటుంది కాబట్టి పిల్లలు ఎంత వంచితే అంత వంగుతారు, వద్దని చెప్పడం వాళ్ళకు తెలియదు. చాలు అని చెప్పాల్సింది నేర్పేవాళ్ళే.

2020 డిసెంబరులో కేంద్రం యోగాసనాన్ని పోటీ క్రీడగా గుర్తించింది, ఇప్పుడు కేంద్రం జరిపే ఖేలో ఇండియా పోటీల్లో కూడా ఉంది. కాబట్టి మీకు ఆశ పుట్టడం సహజమే, తప్పు పట్టను. కానీ ఆ ఆశ మీది. పాపకు పన్నెండు, పదమూడేళ్ళు వచ్చాక తనంతట తాను "అమ్మా, వెళ్తాను" అంటే పంపండి. అప్పుడైనా కోచింగు ఇంకొకరి దగ్గర ఇప్పించండి.

అత్తగారి మీద కోపం పెట్టుకోకండి. మీ ఇంట్లో పాప మాట ముందుగా విన్నది ఆవిడే. క్లాసు జరిగే గంటసేపు పాపను ఆవిడ దగ్గరే ఉండనివ్వండి. "పైకి రా" అని పిలవకండి, రాలేదని రాత్రి భోజనాల దగ్గర ఎత్తిచూపకండి. నెల పట్టినా పట్టనివ్వండి. ఏదో ఒకరోజు మెట్ల మీద కూర్చుని తొంగి చూస్తుంది. అప్పుడు కూడా ఆసనం వేయమనవద్దు.

మరి అడ్మిషన్లు ఎలా అంటారా? ఆసనాలు మీరే వేసి చూపించండి. మీకు చక్రాసనం పాపంత బాగా రాకపోయినా ఏం ఫరవాలేదు. ఏడెనిమిదేళ్ళ పిల్లలకు వృక్షాసనం, భుజంగాసనం, పిల్లిలా వీపు పైకెత్తే మార్జాలాసనం, కాసేపు కళ్ళు మూసుకుని పడుకోవడం, ఇవి చాలు. ఊపిరి బిగబట్టించే ప్రాణాయామాలు అసలే వద్దు. నెలకొక శనివారం తల్లిదండ్రుల్ని పైకి పిలిచి క్లాసు చూడనివ్వండి. మూడు వందలు ఎక్కువైనా మీ దగ్గరే ఉండిపోయిన ఆ 19 ఇళ్ళవాళ్ళు పాప వీడియో కోసం ఆగలేదమ్మా, మీరు నేర్పే తీరు నచ్చి ఆగారు. ఇంకో నలుగురికి చెప్పేది కూడా వాళ్ళే.

ఈ ఆదివారం పాపకు తలంటు పోసి, జుట్టు ఆరబెడుతూ చెప్పండి: "నువ్వన్న మాట నిజమే బంగారం, నాదే తప్పు." మొండికేస్తుందని, అలుసైపోతామని భయపడకండి. బోర్డు మీదున్న తన ఫొటో ఉంచమంటుందో, తీసెయ్యమంటుందో అడగండి. తరవాత ఫోను తన చేతికిచ్చి ఆ వీడియోలన్నీ పక్కన కూర్చుని చూడండి. ఏది ఉంచాలో, ఏది తీసెయ్యాలో తననే చెప్పమనండి. అన్నీ తీసెయ్యమంటే అన్నీ తీసెయ్యండి.