ఆ దీపం దగ్గర నాకేమైంది?

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. పోయిన కార్తీకంలో మా అబ్బాయికి రాహుకేతు పూజ చేయిద్దామని శ్రీకాళహస్తి వెళ్లాం. అప్పటికి మా అమ్మ పోయి ఎనిమిది నెలలు. ఆఖరి రెండు రోజులూ మంచం పక్కన కూర్చుని ఆవిడ ఊపిరినే చూస్తూ ఉండిపోయాను. పూజయ్యాక లైన్లో స్వామి ఎదురుగా వచ్చేసరికి లోపల దీపం రెపరెపలాడటం కనిపించింది. అంతే, ఒళ్లంతా గగుర్పొడిచింది, కళ్ల వెంట నీళ్లు ధారగా కారాయి, చుట్టూ ఉన్న గోల వినపడలేదు. అమ్మ ఎక్కడికీ పోలేదని ఎవరూ చెప్పకుండానే తెలిసింది. మా అబ్బాయి చెయ్యి పట్టుకుని లాగితే గానీ కదల్లేదు. మా ఆయన డాక్టర్‌కి చూపించుకోమంటున్నారు. మా అత్తయ్య దేవుడు పూనాడంటున్నారు. తెలిసినాయన ఒకరు ఇది దోషమని, 30 వేలతో హోమం చేయించాలని అన్నారు. తర్వాత నాలుగుసార్లు వెళ్లాను, మళ్లీ అలా జరగలేదు. నాదేమైనా తప్పా? అసలు అది దేవుడా, నా దుఃఖమా?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: అమ్మా, ముందు ఆ హోమం మాట మర్చిపోండి. గుళ్లో కన్నీళ్లు వస్తే అది దోషమని ఎక్కడా లేదు. నిజానికి దానికి మన దగ్గర చాలా పాత పేరే ఉంది. స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభంగం, కంపం, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం అని ఎనిమిది సాత్త్విక భావాలు, అంటే మనసు బాగా కదిలినప్పుడు ఒంట్లో వాటంతటవే కనిపించేవి. నాట్యశాస్త్రంలో చెప్పిన వీటినే తర్వాత భక్తి గురించి రాసినవాళ్లూ తీసుకున్నారు. స్తంభం అంటే కదలకుండా నిలిచిపోవడం. ప్రళయం అంటే ఇక్కడ లోకం మునిగిపోవడం కాదు, బయటి స్పృహ పోవడం. మీరు రాసినదాంట్లో నాకు ఇందులోవి నాలుగు కనిపిస్తున్నాయి, కదలకుండా నిలబడిపోవడంతో కలిపి.

పూనకం వేరు. పూనకంలో దేవత మనిషి నోటితో మాట్లాడుతుంది. సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి బోనాల్లో మర్నాడు రంగం అని ఉంటుంది కదా, పచ్చికుండ మీద నిలబడి అమ్మవారి మాటగా భవిష్యవాణి చెబుతారు, అది ఊరందరి కోసం. మీ విషయంలో ఎవరూ ఏమీ మాట్లాడలేదు, అది మీ ఒక్కరికే జరిగింది. మీ అత్తయ్యగారు భక్తితోనే అన్నారు, ఆవిడతో వాదించకండి.

మీ ఆయన మాట కూడా కొట్టిపారేయొద్దు. పూజ కోసం పొద్దుట్నుంచీ ఏమీ తినకుండా ఉండి, ఆ జనంలో, ఆ ఉక్కలో గంటల తరబడి నిలబడితే బీపీ పడిపోవచ్చు, షుగర్ తగ్గొచ్చు. ఒకసారి చూపించుకోండి. ముఖ్యంగా ఇంట్లో ఉన్నప్పుడు కూడా అలా చుట్టూ ఏమీ వినపడకుండా పోతుంటే ఆలస్యం చేయకండి. పరీక్ష చేయించుకుంటే స్వామిని నమ్మనట్టేమీ కాదు.

ఇక అసలు ప్రశ్న. దేవుడా, దుఃఖమా అన్నారు. ఆ రెంటిలో ఒకటే కావాలని ఎందుకనుకుంటున్నారు? శ్రీకాళహస్తిలో స్వామిది వాయులింగం, అంటే గాలి రూపంలో ఉన్న శివుడు. గాలి చొరబడని గర్భగుడిలో కూడా ఆ దీపం కదులుతూనే ఉంటుంది, అది స్వామి ఊపిరే అని మనవాళ్లు చెప్పుకుంటారు. రెండు రోజులు అమ్మ ఊపిరిని కళ్లార్పకుండా చూసిన మీరు ఆ దీపాన్ని మామూలుగా ఎలా చూడగలరు? మీ దుఃఖం లేకపోతే మీకు అక్కడ కనిపించేది ఉత్త దీపమే. ఆ దుఃఖమే మిమ్మల్ని స్వామి ముందు అలా నిలబెట్టిందని నా నమ్మకం.

రమణ మహర్షికి పదహారేళ్లప్పుడు, 1896లో, మదురైలో మరణానుభవం కలిగింది. అంతకుముందు స్నేహితులతో ఎప్పుడైనా మీనాక్షి గుడికి వెళ్లినా ఏమీ అనిపించేది కాదట. ఆ తర్వాత దాదాపు రోజూ సాయంత్రం వెళ్లి నటరాజు ముందు, అరవై ముగ్గురు నాయనార్లు అనే శివభక్తుల విగ్రహాల ముందు నిలబడితే కన్నీళ్లు కారేవట. ఒక్కోసారి ఏ ప్రార్థనా లేకుండా ఊరికే నిలబడేవారు. నాకు ఆ ఊరికే నిలబడటం చాలా ఇష్టం.

మీరు తర్వాత వెళ్లిన నాలుగుసార్లూ ఊరికే వెళ్లలేదు, మళ్లీ జరుగుతుందా లేదా అని దీపాన్ని కనిపెట్టుకుని చూడటానికి వెళ్లారు. మొదటిసారి మీ మనసు కొడుకు పూజ మీద ఉంది, మీ కోసం ఏదీ అడగలేదు. తప్పు అనను, ఎవరైనా అంతే చేస్తారు. నేనూ చేశాను. ఇరవై ఏళ్ల కిందట మంగళగిరి కొండ మీద పానకాల స్వామి నోట్లో శంఖంతో పానకం పోస్తుంటే ఆ గుటకల చప్పుడుకి నాకు ఏడుపు ఆగలేదు, ఎందుకో ఇప్పటికీ చెప్పలేను. మళ్లీ అలా అవుతుందేమోనని ఆ మెట్లు ఎన్నిసార్లు ఎక్కానో. కాలేదు. ఇప్పుడు స్వామిని చూసి, ప్రసాదంగా ఇచ్చిన పానకం తాగి, హాయిగా దిగి వస్తున్నాను.

అందుకని కొన్నాళ్లు కాళహస్తి వెళ్లకండి. మీ వీధి గుళ్లోనే దీపం పెట్టుకోండి. ఈ సంగతి కనిపించిన వాళ్లందరికీ చెప్పొద్దు, చెప్పిన కొద్దీ మన మాటలే మిగులుతాయి. మీ అబ్బాయికి మాత్రం చెప్పండి. ఆ రోజు వాళ్లమ్మ ఎందుకు ఏడ్చిందో తెలియక వాడు భయపడే ఉంటాడు. అమ్మమ్మ గురించి, ఆ రెండు రోజుల గురించి, దీపం గురించి మీకు వచ్చినట్టు చెప్పండి, చెబుతూ ఏడుపొస్తే ఏడవండి.